ఇనుము కూడా అమానతే

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఏ పనులు చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను కొందరు అడిగారు. ఆయన తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలు కుట్టుకునేవారని ఆమె తెలియజేశారు. ఈ హదీసును బోధించేటప్పుడు మనం సాధారణంగా ఆయన వినమ్రతను గురించి వివరిస్తాం. అందులో మరో బోధన కూడా ఉంది. చెడిపోయిన వస్తువును పారవేయడానికి ముందు దానిని బాగుచేసే మార్గం ఉందేమో చూడాలి. మన చేతిలో ఉన్న ప్రతి వస్తువూ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే.

గత రెండేళ్లుగా, మదరసాకు సెలవు దొరికిన రోజులలో, ఈ బోధనను నేను ఒక పాత మిలిటరీ జీపు కింద పడుకొని నేర్చుకుంటున్నాను.

ఆ జీపు మా నాన్నగారిది. సైన్యం వేలం వేసిన పాత వాహనాలను కొని అమ్మే వ్యాపారి వద్ద ఆయన దానిని తీసుకున్నారు. కడప జిల్లాలో కొండల అంచున ఉన్న మా పొలానికి వాగు దాటి వెళ్లాలి. వానాకాలంలో ఆ దారిలో మరే బండీ కదిలేది కాదు. పొలం పనులకే కాక, చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులను, గర్భిణులను ఆసుపత్రికి చేర్చడానికి కూడా ఆ జీపు ఎన్నోసార్లు ఉపయోగపడింది.

ఈ రకం వాహనం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం పుట్టింది. 1945 నాటికి విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. మన దేశంలో వాటిని రూపొందించిన సంస్థ 1945లో ప్రారంభమైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్. భాగస్వామి అయిన మలిక్ గులామ్ ముహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. మా జీపు వారు తయారుచేసిన సి.జె.3బి రకానికి చెందినది. ఇంజను ఎత్తు ఎక్కువ కావడం వల్ల దాని ముందరి మూత కూడా ఎత్తుగా ఉంటుంది.

నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్న తరువాత జీపు పశువుల కొట్టం పక్కన అలాగే నిలిచిపోయింది. దానిని బాగుచేయాలన్న కోరిక నాకు కలిగింది. అయితే పానా పట్టుకోవడానికి ముందు తేల్చవలసిన విషయం ఒకటి ఉంది. అది నా సొత్తు కాదు, వారసులందరిదీ. అమ్మ అంతకు ముందే కన్నుమూసింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కనుక షరీయత్ ప్రకారం విలువ అయిదు వాటాలవుతుంది. మాకు రెండేసి, చెల్లెలికి ఒకటి.

ఎంత విలువ కట్టాలన్నదే చిక్కు. తుక్కు ఇనుము ధర కడితే చెల్లెలికి, తమ్మునికి అన్యాయం జరుగుతుంది. బాగుచేసిన తరువాత కడితే నా ఖర్చు, నా శ్రమ ఎవరివన్న తగవు వస్తుంది. అందుకే పని మొదలుపెట్టక ముందే ఇద్దరు మెకానిక్కులను విడివిడిగా పిలిచి, "నడిపించడానికి వీలున్న పాత జీపు"గా దానికి ధర చెప్పమన్నాను. ఎక్కువ చెప్పినవారి ధరనే తీసుకున్నాను.

చెల్లెలు నవ్వింది. "భాయీజాన్, ఆ తుప్పులో నాకు వాటా ఏమిటి? నాకేమీ వద్దు" అంది.

"వద్దనే హక్కు నీకు ఉందమ్మా. కాని ముందు నీ వాటా నీ చేతికి రావాలి. ఆ తరువాత ఇస్తావో ఉంచుకుంటావో నీ ఇష్టం" అన్నాను.

ఆమె ఆ డబ్బు ఉంచుకుంది. మన కుటుంబాలలో ఆడపడుచుల హక్కు చాలాసార్లు ఇలాంటి మొహమాటపు మాటల చాటునే కరిగిపోతోంది. భూమి విషయంలోనే కాదు, కొట్టంలోని పాత ఇనుము విషయంలోనూ వారి వాటా వారికి చేరవలసిందే.

ఇక మరమ్మతు సంగతి. ఏళ్ల తరబడి కదలని ఇంజనును ఒక్కసారిగా తిప్పబోవడం ప్రమాదం. లోపల పిస్టన్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో నూనె పోసి, కొన్ని రోజులు వదిలేయాలి. ఆ తరువాత చేతితో మెల్లగా తిప్పి చూడాలి. కదలకపోతే మళ్లీ నూనె పోసి వేచి ఉండాలి. విప్పిన ప్రతి బోల్టునూ డబ్బాలో వేసి పేరు రాసిపెట్టుకోవాలి. మా జీపుకు ఎడమ వైపు చక్రాల నట్లు తిరగేసి విప్పాలి. ఆ సంగతి తెలియనివారు బలం ఉపయోగిస్తే బోల్టు విరుగుతుంది. సబ్ర్ అంటే ఊరక కూర్చోవడం కాదు, తగిన పని చేసి తగిన సమయం ఇవ్వడమని నా విద్యార్థులకు ఇప్పుడు ఈ ఉదాహరణతో చెబుతున్నాను.

ఈ ఇంజనులో పొగ బయటికి పోయే వాల్వు కింద వదలవలసిన సందు అంగుళంలో వెయ్యింట 16 భాగాలు. వేడికి వాల్వు సాగుతుంది. సందు చాలకపోతే అది పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఎక్కువైతే టకటక కొట్టుకుంటుంది. సన్నని రేకుల ఫీలర్ గేజుతో ఆ సందును కొలుస్తూ ఉంటే సబా సూరా గుర్తుకు వచ్చేది. అల్లాహ్ హజ్రత్ దావూద్ (అలై) కోసం ఇనుమును మెత్తన చేసి, కవచాలు తయారుచేయమని, వాటి కడియలను సరైన కొలతతో కూర్చమని ఆజ్ఞాపించిన సంగతి అందులో ఉంది. ఒక ప్రవక్తకు ఇనుప పనిలో కొలత పాటించమని ఆదేశం వచ్చిందంటే, పనితనం ధర్మంలో భాగమేనని అర్థం చేసుకోవాలి. కవచంలో ఒక్క కడియ వదులైతే దానిని తొడుక్కున్నవాని ప్రాణం పోవచ్చు.

అదే మాట బ్రేకుల విషయంలో మాకు అక్కరకు వచ్చింది. ఇంజను నడక మొదలుపెట్టగానే ఊరంతా సంతోషించింది. తమ్ముని కుమారుని పెళ్లి దగ్గరపడింది. బారాత్‌కు జీపు కావాలని తమ్ముడు అడిగాడు. బ్రేకుల పని ఇంకా మొదలుపెట్టలేదని చెప్పాను.

"చేతి బ్రేకు ఉంది కదా భాయీజాన్, మెల్లగానే పోతాం" అన్నాడు.

ఈ జీపులో చేతి బ్రేకు చక్రాలను పట్టదు. గేరుపెట్టె వెనుక తిరిగే ఇరుసుకడ్డీని పట్టుకుంటుంది. నిలిపిన బండి దొర్లకుండా ఉండడానికే అది. కాలి బ్రేకుకు ఉన్నది ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే గొట్టాల వరుస. నాలుగు చక్రాలలో ఎక్కడ నూనె కారినా మొత్తం బ్రేకు పోవచ్చు. పిల్లలు ఎక్కే బండిని అలా ఇవ్వనన్నాను. తమ్ముడు నొచ్చుకున్నాడు. పెళ్లిలో నాతో ముభావంగానే ఉన్నాడు. ఆ బాధను భరించాను. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సల్లం) ఒక పల్లెవాసికి బోధించారు. బ్రేకు లేని బండికి బిస్మిల్లాహ్ చెప్పి బయలుదేరడం తవక్కుల్ కాదు.

ఆ తరువాత డ్రమ్ములు విప్పగా రెండు చక్రాల సిలిండర్లలో లోపలి గోడ తుప్పుతో గుంటలు పడి ఉంది. సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి వేయించాను. మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ల కింద, నేల రేకు అడుగున ఉంటుంది. మూత తీయక ముందు చుట్టూ మట్టి తుడవకపోతే ఆ మట్టే లోపల పడుతుంది.

బ్రేకు గొట్టాలలో గాలి తీయడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చొని పెడలు తొక్కాలి, మరొకరు కింద నిపుల్ విప్పి బిగించాలి. తమ్మునికి కబురు పంపాను. వచ్చాడు. విప్పి పక్కన పెట్టిన పాత సిలిండర్లను చేతిలోకి తీసుకొని చూశాడు, ఏమీ అనలేదు. "తొక్కు", "పట్టు", "వదులు" అంటూ దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగూ పూర్తిచేశాం. పెడలు గట్టిపడగానే, "ఇప్పుడు సరిగ్గా ఉంది భాయీజాన్" అన్నాడు.

స్వయంగా చేసుకోవడమంటే అన్నీ మనమే చేయడం కాదు. ఛాసిస్ వెల్డింగు, లేత్ పని, డ్రమ్ముల కోత తెలిసినవారికే అప్పగించాలి. వారి కూలి బేరమాడి తగ్గించక, చెమట ఆరక ముందే చెల్లించాలి. పదిహేనేళ్లు దాటిన వాహనానికి చట్టం కోరే తనిఖీ, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పించుకోకూడదు. మెరిసే హంగుల మీద వెచ్చించే సొమ్ము మరమ్మతు కాదు, దుబారా.

మన ఇళ్లలో వస్తువులైనా, హక్కులైనా, బంధాలైనా చెడిన చోట సరైన కొలతతో సరిదిద్దుకునే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.