పాట గొంతు మారితే

2024 డిసెంబరు 4
ఘంటసాల పుట్టినరోజు (1922). సాయంత్రం టౌన్‌హాల్లో పాటల కచేరీ. మొదటి కుర్రాడు అచ్చం ఆయనలాగే వినిపించాలని గొంతు బరువు చేసుకుని, చరణం మధ్యలో ఊపిరి అందక తడబడ్డాడు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. నాకు మాత్రం బాధేసింది. తర్వాత వచ్చిన టీచరమ్మ హార్మోనియం ఆయన్ని అడిగి శ్రుతి తన గొంతుకు తగ్గట్టు మార్పించుకుంది. చిన్నప్పట్నుంచీ వింటున్న పాటే. అందులో అన్ని సంగతులున్నాయని ఆవిడ పాడితేనే తెలిసింది.

డిసెంబరు 9
సువర్ణసుందరి, 1957. ఆదినారాయణరావు గారి రాగమాలిక. తెలుగులో ఘంటసాల, జిక్కి పాడారు. అదే సినిమా హిందీలో తీసినప్పుడు అదే బాణీని లత, రఫీ పాడారు. రెండూ వెంటవెంటనే పెట్టుకుని విన్నాను. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్. రాగం మారినట్టే తెలియకుండా మారుతుంది. స్వరాలు వచ్చేచోట చెవి పెట్టాలి. లత పాడితే ఒక్కో స్వరం విడిగా మెరుస్తుంది. జిక్కి గొంతులో కాస్త కారం, కాస్త పసితనం. పందెంలో గెలవబోతున్న పిల్లలా పైకి ఎగబాకుతుంది. రఫీది వలపు, ఘంటసాలది నిండుదనం. తెలుగుదని పక్షపాతమేమోనని మళ్లీ విన్నాను. మళ్లీ జిక్కి దగ్గరే ఆగాను.

డిసెంబరు 10
నిన్నటి మాటే ఇంకా వదల్లేదు. సువర్ణసుందరికి రెండేళ్ల ముందు, 1955 అనార్కలిలో, ఇదే ఆదినారాయణరావు గారు హిందీ అనార్కలి (1953) నుంచి సి. రామచంద్ర బాణీ ఒకటి తెచ్చి జిక్కి చేత పాడించారు. హిందీలో అది లత పాట. అంటే అక్కణ్ణుంచి తెచ్చుకున్నాయనే రెండేళ్లకు అక్కడికి పంపారు. లత పాట జిక్కికి వచ్చింది, జిక్కి పాట లతకు వెళ్లింది. ‘అరువు బాణీ’ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లను కూర్చోబెట్టి ఈ నాలుగు పాటలూ వినిపించాలని ఉంది.

డిసెంబరు 15
పెద్దమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మల్లీశ్వరి పాట ఎత్తుకుంది. 1951 సినిమా. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, కృష్ణశాస్త్రి తొలిసారి సినిమాకు రాసిన పాటలు. భానుమతిలా పాడాలన్న ఊసే లేదు పెద్దమ్మకి. కానీ చరణానికీ చరణానికీ మధ్య వాద్యాలు వచ్చేచోటు మాత్రం వదలదు. నోటితోనే తననా అని వాయించి, సరిగ్గా సమయానికి చరణం అందుకుంటుంది. ఆ కాసేపూ కాయ చేతిలో అలాగే ఉండిపోతుంది.
“ఆ బిట్టు లేకపోతే పాట బోడిగా ఉంటుందిరా” అంది.

డిసెంబరు 18
దేవత (1982) గోదారి పాట గద్దలకొండ గణేష్ (2019)లో చూశాను. బాలు, సుశీల పాడిన పాటే, తెరమీద ఆ బిందెలూ ఉన్నాయి. దరువు పెంచారు. బాగుంది, అంతే.

డిసెంబరు 22
టీవీలో ‘పాడుతా తీయగా’ 1996లో మొదలైంది. పిల్లలు పాడాక బాలు గారు ఆ పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో చెప్పేవారు. ఏ మాట ఎక్కడ విరవకూడదో పాడి చూపించేవారు. ఇవాళ ఫోన్లో చూసిన కవర్‌లో పాడినమ్మాయి పేరు పెద్దక్షరాల్లో ఉంది, కవి పేరు ఎక్కడా లేదు. అమ్మాయి బాగా పాడింది కూడా. అందుకే మరీ కోపం వచ్చింది.

డిసెంబరు 23
డల్లాస్ నుంచి మేనల్లుడి కూతురు పాత పాటొకటి పంపమంది, నేర్చుకుంటుందట. సువర్ణసుందరి రెండు పాటలూ పంపాను. ముందు తన శ్రుతి చూసుకోమన్నాను. కింద పేర్లు రాశాను: తెలుగుకి సముద్రాల, హిందీకి భరత్ వ్యాస్.