నాటకపు ఖడ్గము

కె.ఆర్.పురములోని మా తెలుగు సంఘమువారు ఉగాది వేడుకలకు జానపద నాటక మొకటి ఆడవలెనని నిర్ణయించిన నాడు తెరలు ఒకరికి, వేషములు ఒకరికి, హార్మోనియము ఒకరికి అప్పగింపబడినవి. ఖడ్గముల పనిని మేమే అడిగి తీసుకొంటిమి. కార్యదర్శిగారు మా వంక వింతగా చూచిరి. ఏలయన అంతకు ముందటి యేట కత్తిని ఏరి తెచ్చినదియు మేమే.

ఆ కథ చెప్పక తప్పదు. నగరపు పేటలో వేషములు అద్దెకిచ్చు అంగడి యొకటి కలదు. అచ్చట గోడకు వ్రేలాడుచున్న పది పండ్రెండు కత్తులలో మిక్కిలి తళతళలాడుదానిని, సింహముఖపు పిడి గలదానిని మేము ఎన్నుకొంటిమి. ఎత్తి చూడలేదు, విదిలించి చూడలేదు. మెరుపును మాత్రమే చూచితిమి. నాటకమునాడు యుద్ధరంగము నడచుచుండగా మూడవ దెబ్బకు అలుగు పిడిని విడిచి గాలిలోనికి లేచి, ముందు చాపమీద కూర్చున్న పిల్లల నడుమ పడినది. ఆరేండ్ల పాప మోకాలికి జానెడు దూరము. ఎవరికిని తగులలేదు. ప్రేక్షకులు అదియు నాటకములోని చమత్కారమే యనుకొని చప్పట్లు కొట్టిరి. ఆ పాప మా పొరుగింటివారి బిడ్డ. ఆమె తల్లి మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిది.

మరునాడు పిడిని విప్పి చూచితిమి. అలుగు లోపలికి అంగుళమైనను దిగలేదు. అలుగు మొదట సన్నని ఇనుపచువ్వ నొకదానిని అతికించి, ఆ చువ్వను పిడిలో దూర్చి, జిగురువంటి దేదో పోసియుండిరి. తునిగినది ఆ అతుకే.

కత్తియన్న మన తెలుగువారికి వ్యామోహము మెండు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో మొదలైన సురభివారి నాటకములనాటినుండి, 1951 నాటి పాతాళభైరవి చిత్రమువరకును, ఆ వెనుక ఉడుపినుండి వచ్చి తెలుగువారికి మాయలమరాఠీల లోకమును చూపిన విఠలాచార్యగారి చిత్రముల వరకును కత్తి లేక కథ లేదు. కాంతారావుగారికి ఇంటిపేరు మారి ‘కత్తి’ యైనది. మా సంఘములోని కుర్రవారు 2015 నాటి బాహుబలిని చూచి పెరిగినవారు. వారికి కత్తి పొడవు ఎంతయున్నను చాలదు. అయినను నాటకశాలలోని కత్తికి చిత్రములోని కత్తికి లేని కష్టమొకటి కలదు. చిత్రములో దెబ్బ తప్పిన మరల తీయవచ్చును. రంగముపై రెండవ మారు లేదు.

సంఘము మాకు కేటాయించినది రెండు కత్తులకు 3,000 రూపాయలు. 2023 మే మాసమున టిపూ సుల్తాను శయనాగారపు ఖడ్గము లండనులో ఒక కోటి నలుబది లక్షల పౌండ్లకు అమ్ముడుపోయినదని విని యుంటిమి గనుక, మా మొత్తమును చూచి కొంత నవ్వుకొంటిమి.

మొదట ప్రదర్శనశాలలో అమ్ము అలంకారపు ఖడ్గము నొకదానిని తెచ్చితిమి. ఈ మారు ఎత్తి చూచితిమి, బరువుగా నున్నది. బరువే బలమనుకొని దానిని తీసుకొని దూరవాణినగరములోని ఒక పెద్దాయన యింటికి పోతిమి. 1948లో స్థాపింపబడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారము చుట్టును వెలసిన పేట అది. పాత మద్రాసు రోడ్డు మీదుగా చిత్తూరు, ముళబాగిలు, కోలారు దాటి పనికై వచ్చిన తెలుగువారు ఎందరో ఆ ప్రాంతమున స్థిరపడిరి. పెద్దాయన ఆ కర్మాగారపు పనిముట్ల విభాగములో లేతు మీద ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. మా కత్తిని ఒక్కమారు చేతబట్టి, “ఏమప్పా, కత్తి తెమ్మంటే గడారి తెచ్చినావే!” అనెను.

“బరువుండేది మంచిది కాదా, మామా?” అంటిమి.

ఆయన బదులు చెప్పక కత్తిని మా చేతికిచ్చి, “గట్టిగా కొట్టి, నా చెయ్యి కాడ నిలుపు” అని తన అరచేతిని అడ్డుగా చాపెను. మాకు ధైర్యము చాలలేదు. ఆయన నవ్వి చేతిని తీసివేసెను. అప్పుడు కొట్టితిమి. కత్తి మేము నిలుపదలచినచోట నిలువక మరి మూరెడు దూరము పోయినది. మణికట్టు కలుక్కుమన్నది. ఆయన చూపదలచినది అదియే. కొట్టుట ఎవ్వరైన కొట్టుదురు. ఎదుటివాని తలకు జేనెడు ఎత్తున నిలుపగలిగినప్పుడే అది రంగమునకు పనికివచ్చు కత్తి.

నిజమైన యుద్ధఖడ్గములు గూడ మనమూహించునంత బరువైనవి కావు. ఐరోపా మధ్యయుగపు ఒంటిచేతి ఖడ్గములు సాధారణముగా ఒక కిలో మొదలు కిలో మున్నూరు గ్రాములలోపల తూగును. మేము తెచ్చిన అలంకారఖడ్గము రెండు కిలోలకు పైబడినది. పైగా స్టెయిన్‌లెస్ స్టీలు. వంటింటి చాకుకు అది మేలైన లోహమే గాని, రెండున్నర అడుగుల అలుగుగా సాగదీసినపుడు దెబ్బకు వంగి లేచు గుణము చాలక విరుగును. నిజాముబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చిన దేశము మనది. నేడు గోడకు తగిలించుటకే కత్తులు కొనుచున్నాము.

పెద్దాయన లెక్క కట్టెను. ఒకటిన్నర అంగుళము వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల మందము, ముప్పది అంగుళముల పొడవుగల ఉక్కుపట్టీ 1,360 గ్రాములు తూగును. అదే కొలతల అల్యూమినియము పట్టీ 470 గ్రాములే. లారీ కమాన్‌కట్ట ఉక్కుతో మంచి కత్తి చేయవచ్చును గాని, దానిని సానబట్టి పలుచన చేయుటకు కూలియే మా మొత్తమును మించును. దెబ్బకు పెచ్చులూడిన ఆ పెచ్చు ఎవరి కంటిలో పడునో! కావున అల్యూమినియమే ఖాయమైనది. ముప్పదియారు అంగుళముల పట్టీని తీసుకొని, అందులో ఆరంగుళములను పిడిలోనికే విడిచి, ఆ కాడను సన్నగా కోసిరి. అతుకు లేదు. కాడ పిడి గుండా సాగి వెనుకకు వచ్చును. అచ్చట మరతో బిగింపు.

కుర్రవారు ఖండాకత్తివలె మొనవైపు వెడల్పు కావలెనని పట్టుబట్టిరి. చూచుటకు అది రాజసముగా నుండు మాట నిజము. కాని మొన వెడల్పైన బరువంతయు మొనకే పోవును. కావున మొనవైపు సన్నగా నుండునట్లే కోయించితిమి. ఈ విషయమై మా నాయకపాత్రధారి రెండు దినములు మాతో మాటలాడలేదు.

అటు సన్నగా కోసినను మొదట వేలిమీద నిలిపి చూచినపుడు సమతూకము పిడి అడ్డపట్టెకు ఆరున్నర అంగుళముల దూరమున వచ్చినది. చేతికి అది ముందుకు లాగుచుండెను. కె.ఆర్.పురము సంతకు పోయి పాత ఇనుపసామానులవాని వద్ద 200 గ్రాముల ఇత్తడి తూనికరాళ్ళు రెండు బేరమాడి తెచ్చితిమి. పెద్దాయన వానికి రంధ్రము వేసి, కాడ చివర గుండువలె బిగించెను. సమతూకము మూడున్నర అంగుళములకు వచ్చినది. కత్తి బరువు 200 గ్రాములు పెరిగినది. చేతికి మాత్రము తేలికయైనది! ఈ వింతను మేము ఇంటికి వచ్చి మా యింటివారికి చెప్పగా, వారు అట్లకాడను వేలిమీద నిలిపి చూచిరి.

అంచులను మాత్రము పెద్దాయన రూపాయిబిళ్ళ అంచువలె గుండ్రముగా అరగదీసెను. పిల్లల భయము ఒకటి, చట్టపు భయము మరియొకటి. 1959 ఆయుధచట్టపు నియమములు 9 అంగుళములకు మించిన పొడవుగాని 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల పదునైన కత్తులను ఆయుధములలో చేర్చినవి. ఇంటిపనికి, సేద్యమునకు వాడువానిని విడిచిపెట్టినవి. నాటకపు కత్తి మొండిదైన కొలది అందరికిని సుఖము. అయినను మెట్రోరైలు కావలివారికి ఈ సూక్ష్మములు చెప్పి ఒప్పింపగల శక్తి మాకు లేదు గనుక, కత్తులను దుప్పటిలో చుట్టి ఆటోలోనే ఇంటికి తెచ్చితిమి.

ఆటో కూలితో గూడ అయిన వ్యయము 2,460 రూపాయలు.

లోపమొకటి మిగిలినది. అల్యూమినియమునకు ఉక్కువలె ఖణిల్లను మ్రోత లేదు. రెండు కత్తులు తాకిన ‘టక్కు’ మనును, అంతే. కుర్రవారి ముఖములు చిన్నబోయినవి. తెరచాటున తాళములు వాయించు వానిని నిలిపి దెబ్బకొక తాళము వేయించితిమి. అతడు రెండు మూడు చోట్ల దెబ్బకు ముందే వాయించెను.

ఉగాదినాడు ముందువరుస చాపను మేమే పది అడుగులు వెనుకకు జరిపించితిమి. యుద్ధరంగము వచ్చువేళకు పిల్లలు మరల ముందుకు జరిగియుండిరి. పొరుగింటి పాపయు వారిలో నుండెను. తల్లి వెనుకవరుసలో కూర్చుండి మా వంక చూచినది. నలుబది దెబ్బలవరకు జరిగినవి. మేము ఒక్కొక్క దెబ్బను లెక్కించితిమి. మాంత్రికుడు నేలగూలిన పిమ్మట చూడగా అంచులమీద చిన్నచిన్న నొక్కులు, ముండ్లవంటి రజను లేచియున్నవి, పిడి కదలలేదు.

నాటకము ముగిసిన వెనుక పాప రంగముమీదికి వచ్చి కత్తిని చూపుమనెను. ముండ్లను ఆకురాయితో రుద్ది, ఉప్పుకాగితము పెట్టి, ఆ తరువాతనే ఆమె చేతికిచ్చితిమి. ఆమె రెండు చేతులతో పట్టుకొని, తన తల్లివైపు తిరిగి, గాలిని ఒక్క దెబ్బ కొట్టి నిలిపెను.