చిన్నాయన కారు కూత



అల్లూరులో మా చిన్నాయన తోలే అద్దె కారు బ్రేకు తొక్కితే కీచుమంటోంది. కాలనీలో పురుడొచ్చినా, జ్వరమొచ్చినా ఆ కారే దిక్కు. "ఇస్కపల్లి ఉప్పుగాలికి డిస్కు తుప్పు పట్టింది, పోద్దిలే" అన్నాడు. ఆ మాటా నిజమే. రాత్రి తేమకు పట్టిన తుప్పు పొద్దున రెండు మూడు బ్రేకులకు రాలిపోద్ది. మరి మిట్టమధ్యాహ్నం కూడా అరుస్తోందేంది?

హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన మేం ఇద్దరం ఫోన్ లైటేసి చక్రం సందుల్లోంచి చూశాం. కొత్త ప్యాడ్ మందం పది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇది మూడు కూడా లేదు. చాలా ప్యాడ్లకు చిన్న ఇనప రేకు పెడతారు, ప్యాడ్ అరిగాక అది డిస్కుకు తగిలి కూస్తుంది. కూత పోయి గరగర మొదలైతే ఇనుముకు ఇనుము రాసుకుంటున్నట్టే. ఇక డిస్కుకూ ఖర్చే.

"నాలుగు పుస్తకాలు చదివి నాకు చెప్తారా" అని చిన్నాయన అలిగాడు. అయినా తెల్లారి మెకానిక్ దగ్గరికి తీసకపోయాడు. ఊడదీస్తే లోపలి ప్యాడ్ ఇంకా ఘోరంగా ఉంది. అది మాకూ కనపళ్ళా. ముందు చక్రాలు రెండిటికీ కలిపే మార్చారు.

పాత ప్యాడ్లు మా దగ్గరే ఉన్నాయి, హాస్టల్‌కొస్తే చూపిస్తాం.