మూడు పేర్ల మనిషి

పోయినవాళ్లకు బాధలుండవంటారు. ఎవరన్నారో గాని, ఆ మహానుభావుడు మరణ ధ్రువపత్రం కోసం తిరిగి ఉండడు.

నా చేతిరాత కుదురుగా ఉంటుందని మా ఏన్కూరులో ఒక పేరుంది. అందుకని దరఖాస్తు రాయించుకునే వాళ్లందరూ మా అరుగెక్కుతారు. అలా మా వీధి చెల్లెమ్మ ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలు. భర్త కౌలుకు మిరపతోట వేసేవాడు. గుండెనొప్పితో పోయాడు.

"అన్నా, ఐదు లక్షలొస్తయంటున్నరు, నిజమేనా?" అంది.

అది రైతుబీమా. 2018 ఆగస్టు 15న మొదలుపెట్టారు. 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఎలా పోయినా ఇంటివాళ్లకు ఐదు లక్షలు. చిక్కల్లా రైతంటే ఎవరన్న దగ్గరే. పట్టా పాసుపుస్తకం ఉన్నవాడు రైతు. హైదరాబాదులో ఉంటూ గట్టు మొహం చూడకపోయినా రైతే. కౌలుకు దున్నినవాడు కాడు. ఈ సంగతి ఆమెకు చెప్పేలోపల నేను రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను.

ఇక పింఛను. 2014లో ఆసరా అని పేరుపెట్టి వెయ్యి చేశారు, 2019లో 2,016 చేశారు. ఆ పదహారేమిటో గమనించారా? చదివింపుల లెక్క! శుభకార్యాలకు పిలవడం మానేసిన మనిషికి సర్కారు నూటపదహార్ల లెక్కన చదివిస్తుందన్నమాట. ఎవరి బుర్రలో పుట్టిందో గాని, నాకు నచ్చింది.

కేంద్రం వాళ్లదింకొకటుంది, జాతీయ కుటుంబ ప్రయోజన పథకమని 1995లో వచ్చింది. పేద ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఒక్కసారి ఇచ్చే సాయం. 2012లో పదివేలను ఇరవై వేలు చేశారు. అంతకంటే ముఖ్యం మిషన్ వాత్సల్య. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం, పల్లెలో ఏడాది ఆదాయం 72 వేలు మించని తల్లి వితంతువైతే బిడ్డకు నెలకు నాలుగు వేలు, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఇవ్వొచ్చు. తల్లి పింఛనుకు దాదాపు రెట్టింపు! మా వీధిలో ఒక్కరూ దీని పేరు విన్న పాపాన పోలేదు.

అన్నిటికీ కావలసింది ఆ ఒక్క కాగితం. ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలి. అదృష్టవశాత్తూ చేయించారు. కానీ ఏ పేరుతో? ఇంట్లో పిలిచేది తాత పేరు, అదే పత్రంలోకెక్కింది. రేషన్ కార్డులో ఇంటిపేరే పేరై కూర్చుంది. ఆధార్‌లో చివర 'య్య' ఎగిరిపోయి 'లు' వచ్చి చేరింది. బతికుండగా ఆ మనిషి మూడింటికీ పలికేవాడు లేండి.

ఒక ఆఫీసులో గుమాస్తా కాగితాలు మూడూ వరసగా పరిచి, "వీళ్లలో పోయిందెవరమ్మా?" అన్నాడు.

"ముగ్గురూ పోయిండ్రు సారూ. పింఛను మాత్రం ఒక్కటే ఇయ్యుండ్రి" అంది చెల్లెమ్మ.

ఆయన కాసేపు తలెత్తలేదు. తర్వాత అఫిడవిట్ నమూనా తనే రాసిచ్చాడు.

మర్నాడు జిరాక్సు కొట్టు దగ్గర పెద్దపిల్ల వాత్సల్య దరఖాస్తు తనే నింపుతానంది. ఏడో తరగతి, నాకంటే గుండ్రంగా రాస్తుంది. తండ్రి పేరు దగ్గరికొచ్చి కలం ఆపింది.

"మామా, ఏ నాయిన పేరు రాయాలె?"

ఆధార్‌లోది రాయమన్నాను.