యాప్రాల్ ప్రక్కనున్న పాత రాళ్ళు

యాప్రాల్ అనగానే మిలిటరీవారి క్వార్టర్లు, క్రొత్త అపార్టుమెంట్లు మీకు జ్ఞాపకము వచ్చును. చూడదగిన స్థలమని ఇక్కడికి ఎవరును రారు. అయినను క్రిందటి వేసవిలో మా ఇంటికి వచ్చిన అమెరికా బిడ్డలతో మేము చేసిన ఒక్క దినపు ప్రయాణమును గూర్చి మీతో చెప్పవలెనని ఆశపడుచున్నాను.

మా చెల్లెలి కుమార్తె, అల్లుడు డల్లాసులో కాపురముంటున్నారు. ఇక్కడికి రాకమునుపు పిల్లలతో మెక్సికో దేశపు యుకటాన్ ప్రాంతము చూచివచ్చారట. చిచెన్ ఇట్జా అనుచోట మాయా జాతివారు కట్టిన మెట్ల గోపురమును సెల్‌ఫోనులో చూపించారు. నాలుగు ప్రక్కల 91 చొప్పున మెట్లు, పైన ఇంకొకటి, కలిపితే 365. సంవత్సరమునకు ఎన్ని దినములో అన్ని. లెక్కల మాష్టారుగా పనిచేసిన నాకు అది ఎంతో నచ్చింది.

తరువాతి బొమ్మలు చూచినప్పుడు మాత్రము మనస్సు కలతపడింది. ఇజమాల్ అని ఒక ఊరు, ఇండ్లన్నిటికి పసుపు రంగే. అక్కడ మాయావారి గుడి ఉండిన దిబ్బమీదనే స్పెయిన్ సన్యాసులు 1561 నాటికి మఠము కట్టారు. మెరిడా పట్టణమును అంతే. 1542లో టిహో అను మాయావారి పాత ఊరిమీద వెలసింది. 1598లో పూర్తియైన అక్కడి పెద్ద దేవాలయపు గోడలలో ఆ గుళ్ళ రాళ్ళే ఉన్నవి. ఇజమాల్ మఠము కట్టించిన డియేగో డి లాండా అను సన్యాసి 1562లో మాని అను ఊరిలో మాయావారి గ్రంథములను కుప్పవేసి కాల్పించాడు. నేడు లోకమంతటిలో మిగిలినవి నాలుగే. విచిత్రమేమనగా, ఆ జనుల అక్షరములను గూర్చి ఆయనే వ్రాసిపెట్టిన పుస్తకము ఆధారముగా 1952లో క్నోరొజోవ్ అను రష్యా పండితుడు ఆ లిపిని చదువుటకు దారి కనుగొన్నాడు.

ఇది విన్నప్పుడు నాకు మన బ్రౌన్ దొర గుర్తుకు వచ్చాడు. కలకత్తాలోని ఒక పాదిరిగారి కుమారుడు. కడపలో పండితులకు జీతములిచ్చి, తాళపత్రములను వెదకించి, ప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యములను అచ్చువేయించాడు. ఆయన కంపెనీ ఉద్యోగియే గాని బోధకుడు కాడు. అయినను మన బోధకులు చదువదగిన జీవితమది.

“తాతయ్యా, మరి ఇక్కడ చూడటానికి ఏముంది?” అని పదకొండేండ్ల మనుమడు అడిగాడు.

మరునాడు ఉదయమే ఆటోలు మాట్లాడుకొని బయలుదేరాము. ఎనభై ఏడేండ్ల మా అమ్మ కూడ వస్తానన్నది. మొదట బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి. 1847లో కట్టబడింది. విక్టోరియా రాణి సొంత ధనమిచ్చినదని చెప్పుకొందురు. ఆమె మునిమనుమని కుమార్తె ఎలిజబెత్ రాణి 1983 నవంబరు 20న, తన 36వ వివాహ దినమున, ఇక్కడికే ఆరాధనకు వచ్చింది. రంగు అద్దముల వెలుగులో పిల్లలు కొంతసేపు అల్లరి మాని కూర్చున్నారు. తరువాత రాష్ట్రపతి నిలయము. ఆంగ్లేయ రెసిడెంటు విడిదిగా 1860లో కట్టినది. 2023 మార్చినుండి సామాన్యులను ఏడాది పొడవునా లోపలికి రానిస్తున్నారు. తోట బాగున్నది, ఎండ మాత్రము మండిపోయింది.

నేను ముఖ్యముగా చూపదలచినది ఓల్డ్ బోయినపల్లి ప్రక్కనున్న హస్మత్‌పేట. పెద్ద పెద్ద బండరాళ్ళను వలయముగా పేర్చిన పురాతన సమాధులు అక్కడ గలవు. మధ్యలో రాతి పలకలతో పెట్టెవంటి గది చేసి, మృతుల ఎముకలను, ఎరుపు నలుపు కుండలను, ఇనుప పనిముట్లను అందులో ఉంచి, మీద రాళ్ళు కుప్పగా పోసేవారు. క్రీస్తు పుట్టుటకు కొన్ని వందల ఏండ్ల ముందటి మాట. మౌలాలిలోను ఇట్టివి బయటపడినవి. ఆ మెక్సికో గోపురముకంటె ఇవి వెయ్యేండ్లకు పైగా పాతవని చెప్పగా మనుమడు నమ్మలేదు. నమ్మునట్లుగా ఆ స్థలమును లేదు. ప్రభుత్వము రక్షిత స్థలమని ప్రకటించినను, చుట్టును ఇండ్లు వచ్చి మీదపడుచున్నవి.

ఇజమాల్‌లో సన్యాసులు చేసినది నేను సమర్థింపను. ఒకరి గుడి పడగొట్టి మన దేవునికి ఇల్లు కట్టుమని సువార్తలో ఎక్కడా లేదు. కాని హస్మత్‌పేటకు ఏ స్పెయినువాడును రాలేదు. పల్లెలలోని మన కుటుంబములలోను, పొలము చదును చేయునప్పుడు ఇట్టి రాళ్ళు ట్రాక్టరుకు అడ్డమని లాగివేసినవారు ఉందురు. ఇకమీదట అట్టివి కనబడితే, లాగకమునుపు పురావస్తు శాఖవారికి ఒక్క మాట తెలియజేయుడి.

అంతవరకు చేతికర్రమీద ఆనుకొని నిలుచున్న మా అమ్మ అన్నది: “గివా? గివి మా ఊరి చెలకల్ల గూడ ఉండె బిడ్డా. రాక్షస గుళ్ళు అనేటోళ్ళు. మేకలు మేపబోయి ఆడనే కూసునేటోళ్ళం.”

“ఇప్పుడు చూడటానికి వెళ్దామా ముత్తవ్వా?”

“ఇంకేడున్నయి? మా నాయన ఆ రాళ్ళు తీపిచ్చి బాయికి ఒర కట్టిచ్చిండు. ఆ బాయి నీళ్ళు తాగే మేమంత పెరిగినం.”

పిల్లవాడు కొంచెము ఆలోచించి, “అంటే ఆ పసుపు ఊరి చర్చిలాగానా?” అన్నాడు.

మా అమ్మకు ఆ ఊరి ఫొటోలు రాత్రి చూచినవి జ్ఞాపకమున్నవి. కొంతసేపు ఊరకుండి, “అవు బిడ్డా, గట్లనే” అన్నది.