మా వాడకట్టులో మియాందాద్ సిక్సర్

వేములవాడలో మా ఇల్లు రాజన్న గుడికి రెండు సందుల అవతల. బాపుది కొబ్బరికాయల దుకాణం. సోమవారం వస్తే రద్దీ, శివరాత్రి జాతరకు ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు ఉండేది కాదు. భక్తులు ధర్మగుండంలో మునిగి తడి బట్టలతోనే కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేవాళ్లు. మొక్కు తీరినాక చాలామంది ఆ ప్రాంగణంలోనే ఉన్న దర్గాకు పోయి దండం పెట్టేవాళ్లు. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు ఆ దర్గాను చూసి నోరెళ్లబెడితే, అందులో ఏముందని మేం వాళ్లను వింతగా చూసేవాళ్లం.

మా దుకాణం పక్కనే దర్జీ చాచా కుట్టుమిషను. ఆ చుట్టుపక్కల దుబాయ్ పోయే మనిషి ఎవరైనా ఒకసారి ఆయన దగ్గరికి రావాల్సిందే. కొత్త ప్యాంటు కోసం కాదు, దొంగ జేబు కోసం. బనీను లోపల ఎడమవైపు జానెడు గుడ్డ పెట్టి, మూడు దిక్కులా రెండేసి వరుసల కుట్టు వేసి, పైన ఒక గుండీ పెట్టేవాడు. పాస్‌పోర్టు, ఏజెంటు ఇచ్చిన కాయితం, బొంబాయి ఖర్చుల నోట్లు అన్నీ అందులోనే పట్టాలి. కుట్టడం అయినాక పాస్‌పోర్టును తానే ఆ జేబులో పెట్టి చూసి, "ఇది పోతే నువ్వెవరివో చెప్పేటోడు ఉండడు బిడ్డా, పైలం" అనేవాడు. ఎంతమంది పాస్‌పోర్టులకో జేబులు కుట్టిన ఆ మనిషి తన కోసం ఒక్కటి తీసుకోలేదు.

మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినవాళ్లే ఎక్కువ. వానలు లేవు, బావులెండినయి, ఉన్న ఎకరమో అరెకరమో కుదువలో ఉంది. రెండేళ్లకు తిరిగొచ్చినప్పుడు మాత్రం వాడకట్టంతా వాళ్లింటి ముందే. పెద్ద టేప్‌రికార్డర్, మెత్తటి రగ్గు, టాంగ్ డబ్బా, సెంటు సీసాలు. ఆ సెంటు వాసన వారం రోజులు మా బడిలో కూడా తిరిగేది. అప్పు మిగిలిందా తీరిందా అనేది ఇంటి లోపలి మాట. దుబాయ్‌లో ఇరవై ఏళ్లు గోడలు కట్టినా, రోడ్లేసినా ఆ దేశం వాళ్లను తనవాళ్లనదు. పని అయిపోతే వీసా అయిపోతుంది, సామాను సర్దుకోవాలి. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి మావాళ్లెవరూ దుబాయ్ మీద ప్రేమ పెంచుకోలేదు, ఆ ప్రేమ ఉందా అని వాళ్లనూ ఎవరూ అడగలేదు.

ప్రేమ గురించి అడిగింది క్రికెట్. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం, షార్జాలో భారత్, పాకిస్తాన్ ఫైనల్. దుబాయ్ నుంచి వచ్చిన టేప్‌రికార్డర్‌నే అరుగు మీద పెట్టి రేడియో పెట్టినం. పిల్లలం కింద, పెద్దలు అరుగు మీద. మనవాళ్లు కొట్టింది 245. చివరి బంతికి వాళ్లకు నాలుగు పరుగులు కావాలి, చేతిలో ఒక్క వికెట్. చేతన్ శర్మ వేసిన ఫుల్ టాస్‌ను జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. రేడియోలో స్టేడియం హోరు, అరుగు మీద చడీచప్పుడు లేదు.

అప్పుడు జరిగింది నాకు ఆటకంటే ఎక్కువ గుర్తుంది. ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ చెప్పకుండానే, అందరి చూపూ దర్జీ చాచా చిన్నకొడుకు మీదికి పోయింది. వాడు నా క్లాసువాడు. మాతోపాటే మట్టిలో కూర్చున్నాడు. అందరికన్నా ముందు లేచి చేతన్ శర్మను తిట్టింది వాడే. "యార్కర్ ఎయ్యరాదా వీనికి" అని మొదలుపెట్టి, పెద్దల ముందు అనకూడని మాటల దాకా పోయిండు. ఎవరో నవ్వారు, చూపులు మళ్లాయి. అంత గట్టిగా తిట్టాల్సిన అవసరం మాలో ఇంకెవరికీ లేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నాలుగేళ్ల తర్వాత, 1990లో, ఇంగ్లండ్‌లో కన్జర్వేటివ్ నాయకుడు నార్మన్ టెబ్బిట్ ఇదే పరీక్షను బహిరంగంగా పెట్టాడు. మా దేశానికి వలస వచ్చిన ఆసియావాళ్లు క్రికెట్‌లో ఏ జట్టు గెలవాలని కోరుకుంటున్నారు, చూడండి అన్నాడు. దానికి క్రికెట్ టెస్ట్ అనే పేరు స్థిరపడింది. దాని మీద అక్కడ పెద్ద రచ్చే జరిగింది. మా అరుగు మీద అంతకు ముందే జరిగిపోయిన పరీక్ష అది. తేడా ఒక్కటే, మావాడు ఎక్కడినుంచీ వలస రాలేదు.

బయటివాళ్లు మా ఊరికి కొత్త కాదు. వెయ్యేళ్ల కింద కన్నడ ఆదికవి పంపడు కావ్యం రాసింది మా వేములవాడ రాజు అరికేసరి కొలువులోనే, పంపడి పూర్వీకులదేమో వేంగి. మన కాలంలో పౌరసత్వం మీద రాష్ట్రమంతా మాట్లాడుకున్న కేసు కూడా మా ఊరిదే. జర్మనీలో ఉండి వచ్చిన చెన్నమనేని రమేశ్ 2009 నుంచి నాలుగుసార్లు ఇక్కడ ఎమ్మెల్యేగా గెలిచారు. పౌరసత్వ దరఖాస్తుకు ముందు ఏడాదంతా ఆయన దేశంలో ఉన్నారా లేదా అన్న దగ్గర మొదలైన వివాదం ఏళ్లకేళ్లు నడిచింది. 2024 డిసెంబరులో హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయలు కట్టమంది. ఆ తీర్పు మీద ఊళ్లో ఎవరి వాదన వాళ్లది. నాకు నచ్చిందొకటే. ఎక్కడ ఎన్నాళ్లున్నావు, ఏ పాస్‌పోర్టు మీద తిరిగావు అన్నదే అక్కడ ప్రశ్న. ఎవరికి చప్పట్లు కొడతావని ఎవరూ అడగలేదు. కాయితం కఠినమైందే గానీ, మా అరుగు మీది చూపుల కంటే న్యాయమైంది.

మా చిన్నాయిన మనుమడు చదువుకోవడానికి ఇంగ్లండ్ పోయి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. 2024 జూలై చివర సౌత్‌పోర్టులో ముగ్గురు చిన్నపిల్లలను ఒకడు పొడిచి చంపాడు. వాడు పడవలో వచ్చిన శరణార్థి అని పుకారు లేచింది. నిజానికి వాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. పుకారు ఆగలేదు, ఊరూరా అల్లర్లు. మావాడుండే ఊళ్లో ఏమీ జరగలేదు. అయినా చిన్నమ్మ రోజూ ఫోన్ చేసి, "బయటికి పోకు బిడ్డా" అని ఏడ్చేది. పాలు, బ్రెడ్డు కోసం పోక తప్పనప్పుడు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు టీషర్ట్ వేసుకుని పోయిండట. ఆ మాట వాడు నవ్వుతూనే చెప్పాడు. నాకు దర్జీ చాచా కొడుకు కళ్ల ముందు కదిలాడు.

పోయినేడు వాడు అక్కడి పౌరసత్వానికి పరీక్ష రాశాడు. 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 సరిగ్గా రాస్తే పాస్. దానికి ప్రభుత్వమే ఒక పుస్తకం వేసింది. అందులో రాజుల గురించి ఉంది, పార్లమెంటు గురించి ఉంది, క్రికెట్ గురించి కూడా ఉంది. ఎవరు గెలవాలని కోరుకోవాలో మాత్రం రాయలేదు.