రాజశేఖరం మీద కోపం

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివే పాఠకురాలికి మొదట పుట్టేది చిరాకే. నోరు విప్పి ఒక్క మాట చెబితే తేలిపోయే అపార్థాన్ని నాయికానాయకులు జయంతి, రాజశేఖరం పంతానికి పోయి పేజీలకు పేజీలు మోస్తారు. 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడైతే ఆ చిరాకును నెలంతా భరించాల్సి వచ్చేది.

పుస్తకంగా వచ్చాక నిరీక్షణ పోయి తొందర మొదలైంది. హనుమకొండనే తీసుకుంటే, అక్కడ 1904 నాటి గ్రంథాలయం రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉన్నా, ప్రేమ నవలలకు గిరాకీ కిరాయి పుస్తకాల షాపుల్లోనే ఉండేది. రోజు లెక్కన కిరాయి కాబట్టి, ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో పేజీ తిప్పేవారు. అట్ట ఊడి, దారంతో కుట్టిన ప్రతుల మార్జిన్లలో హీరోను తిట్టిన పెన్సిల్ రాతలు మామూలుగా కనిపించేవి.

తిట్టినా వదలకపోవడానికి కారణం జయంతి. మధ్యతరగతి ఇళ్లలో పెళ్లి మాట పెద్దలదే అయిన రోజుల్లో ఆమెకు ఉద్యోగముంది, డబ్బున్నవాడి ముందు తల వంచని పొగరుంది. రచయిత్రి కలలు అమ్ముతోందని విమర్శకులు విసుక్కున్నారు. అందులో నిజం లేకపోలేదు; కానీ ‘కాదు’ అనగలగడమూ ఆ కలలో భాగమేనన్నది వాళ్లకు పట్టలేదు.

1976లో సినిమా వచ్చింది. వాణిశ్రీ జయంతిగా సరిపోయింది. రాజశేఖరంగా అక్కినేని, అప్పటికే యాభై దాటినవారు. నవల చదివి ఎవరికి వారు ఊహించుకున్న కుర్రాడితో పోటీపడటం ఆయనకైనా కష్టమే.